అమ్మకానికి ఇల్లు: ముందు కాగితాలు, తర్వాత సున్నం



ఇల్లు అమ్ముదామనుకున్న రోజునే మన ఇళ్ళల్లో రంగుల మాట వస్తుంది. రంగుల వెనక వంటింటి గట్టుకు గ్రానైటు, దాని వెనక హాల్లో పీఓపీ సీలింగు, ఆ పైన బాత్రూము టైల్సు, ఇలా పద్దు పెరుగుతూ పోతుంది. చుట్టాలు, బ్రోకరు, ఎదురింటాయన తలా ఒకటి కలుపుతారు. అయితే మధ్యతరగతి కుటుంబం ఇల్లు అమ్మేది ఎక్కువగా డబ్బు అవసరమైనప్పుడే. పిల్ల పెళ్ళో, వైద్యమో, మెడ మీదున్న అప్పో, ఊరు మారడమో ఉంటుంది. డబ్బు కోసం అమ్ముతున్న ఇంటి మీదే మళ్ళీ అప్పు తెచ్చి పోయడం ఎంతవరకు సబబు? పెట్టక తప్పని ఆ కొద్దిపాటి డబ్బు ఎక్కడ పెడితే తిరిగి వస్తుంది? నా జవాబు ముందే చెప్పేస్తాను. కొనేవారి అనుమానం తీర్చే పనికి ముందు పెట్టాలి. కంటికి ఇంపైన పనికి మిగిలితేనే పెట్టాలి.

1970లో జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త పాత కార్ల బజారు గురించి ఒక వ్యాసం రాశారు. ఆ ఆలోచనకే 2001లో ఆయనకు, మరి ఇద్దరితో కలిపి, నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన వాదం అర్థం చేసుకోవడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కరలేదు. అమ్మేవాడికి బండి లోపాలన్నీ తెలుసు, కొనేవాడికి తెలియవు. బయటపడని లోపం ఏదో ఉండే ఉంటుందన్న భయంతో కొనేవాడు మంచి బండికి కూడా తక్కువకే అడుగుతాడు. పాత ఇంటి విషయంలో ఈ మాట ఇంకా నిజం. గోడలో పైపు ఎక్కడ కారుతోందో, పాతికేళ్ళ కిందటి దస్తావేజులో ఎవరి సంతకం పడలేదో, పది నిమిషాలు ఇల్లు చూసి వెళ్ళేవాడికి ఎలా తెలుస్తుంది? తెలియదు కాబట్టే మనసులో కొంత మొత్తం కోసుకుని బేరం మొదలుపెడతాడు. లోపం సరిచేయడానికి నిజంగా అయ్యే ఖర్చుకన్నా, భయపడి అతను కోసుకునే మొత్తమే సాధారణంగా పెద్దది. చిన్న బడ్జెట్టుతో అమ్మేవాడు తిరిగి రాబట్టుకోగలిగేది ఆ తేడానే.

ఇల్లు చూడగానే నచ్చాలి కదా, అందం చూసే కదా కొనేది, అని ఎవరైనా అనవచ్చు. మొదటి చూపుకు బలముందని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇల్లు చూసిన రోజుకూ రిజిస్ట్రేషన్ జరిగే రోజుకూ మధ్య జరిగే తతంగం గమనించండి. బయానా ఇచ్చి, ఒప్పందం రాసుకుని, కొనేవారు బ్యాంకుకు వెళ్తారు. బ్యాంకు ప్యానెల్ లాయరు కాగితాలు చదువుతారు. బ్యాంకు పంపిన వాల్యూయరు వచ్చి ఇల్లు కొలుస్తారు. ఈ ఇద్దరికీ మన కర్టెన్లతో పని లేదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ముప్ఫై లక్షలు దాటి డెబ్బై అయిదు లక్షల దాకా ఉండే గృహరుణం ఇంటి విలువలో 80 శాతం మించకూడదు. 60 లక్షల ఫ్లాటు అనుకుందాం. బ్యాంకు 48 లక్షలు ఇస్తుంది. కొనేవారు చేతి నుంచి 12 లక్షలు పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ దాదాపు ఏడున్నర శాతం, అంటే మరో నాలుగున్నర లక్షలు. మొత్తం పదహారున్నర లక్షలు. ఇప్పుడు వాల్యూయరు ఆ ఇంటికి 54 లక్షలే విలువ కట్టారనుకోండి. రుణం 43 లక్షల 20 వేలకు దిగుతుంది, చేతి నుంచి పెట్టవలసింది 21 లక్షల 30 వేలకు పెరుగుతుంది. ఇల్లు ఎంత నచ్చినా అదనంగా పడిన ఆ దాదాపు అయిదు లక్షలు సర్దలేని కొనుగోలుదారు ధర తగ్గించమంటాడు, లేదా బయానా వెనక్కి అడుగుతాడు. వాల్యూయరు చూసేది విస్తీర్ణం, కట్టిన సంవత్సరం, ఆమోదించిన ప్లాను, కట్టడం స్థితి. అనుమతి లేకుండా డాబా మీద వేసిన గది విలువను పెంచకపోగా కొత్త చిక్కు తెస్తుంది. అమ్మే ముందు పైన ఒక గది వేస్తే రేటు పెరుగుతుందన్న సలహా ఎవరిచ్చినా వినకండి.

కాబట్టి మొదటి ఖర్చు కాగితాలకు. ఈ ఖర్చు చూస్తే చిన్నది, ఫలితం పెద్దది. ముందు మన ఇంటి ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలను, తనఖాలను చూపే ధ్రువపత్రం, మనమే తీయించి చదవాలి. 1983 నుంచి జరిగిన లావాదేవీలు రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలోనే దొరుకుతాయి. చాలామంది కంగుతినేది ఇక్కడే. ఎప్పుడో తీరిపోయిన బ్యాంకు అప్పు ఈసీలో ఇంకా తనఖాగానే కనిపిస్తుంది. అప్పు తీసుకున్నప్పుడు తనఖా పత్రం రిజిస్టరు అయింది, తీరాక విడుదల పత్రం రిజిస్టరు చేయించలేదు. బ్యాంకు దగ్గర అసలు దస్తావేజులు ఇంకా ఉంటే అడగడానికి సంకోచించనక్కరలేదు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో కాగితాలు తిరిగి ఇవ్వాలని, ఆలస్యానికి బ్యాంకే కారణమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం కట్టాలని 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అదే ఏడాది డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. అసలు దస్తావేజు పోయినా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ధ్రువీకరించిన నకలు దొరుకుతుంది. కొనేవాడు అడిగాక పరుగెత్తడం కన్నా ముందే తెచ్చి ఫైల్లో పెట్టుకోవడం మేలు.

కాగితాల్లో అన్నిటికన్నా గట్టి ముడి వారసత్వం. ఇల్లు నాన్న పేరున ఉంటుంది, ఆయన వీలునామా రాయకుండా పోతారు, అన్నదమ్ములు పంచుకుని కూర్చుంటారు, పెళ్ళయి వెళ్ళిన అక్కచెల్లెళ్ళ ఊసు ఉండదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, బతికుంటే ఆయన తల్లికి సమాన వాటా ఉంది. ఇది 1956 నుంచీ ఉన్నదే. పిత్రార్జితంలో కూతుళ్ళకు హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందుగా చట్టం సవరించింది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. 2005లో ఆ హక్కు దేశమంతటికీ వచ్చింది. ఇంత జరిగినా ‘ఆడపిల్లల సంతకం ఎందుకులే’ అనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. బ్యాంకు లాయరు మాత్రం ‘ఎందుకులే’ అనరు. ఇక్కడ ఖర్చు తగ్గించుకునే దారి ఒకటుంది. వారసులందరూ ఒప్పుకుంటే విడిగా హక్కు విడుదల దస్తావేజు రాయించనక్కరలేదు, అందరూ అమ్మకందార్లుగా ఒకే విక్రయ దస్తావేజులో సంతకం చేస్తే సరిపోతుంది. వారిలో ఒకరు అమెరికాలోనో గల్ఫులోనో ఉంటే అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా దానికి స్టాంపు వేయించుకోవాలి. దీనికి నెలలు పడతాయి, అందుకే గోడకు సున్నం కొట్టించే లోపలే మొదలుపెట్టాలి. ఇంటి పన్ను, కరెంటు మీటరు ఇంకా పాత యజమాని పేరునే ఉంటే పేరు మార్పించండి. ఇంటి పన్ను బకాయి మీద పురపాలక సంస్థలు నెలకు 2 శాతం వడ్డీ వేస్తాయి. అమ్మకం రోజు దాకా ఉన్న ప్రభుత్వ బకాయిలు కట్టే బాధ్యత, వేరే ఒప్పందం లేకపోతే, అమ్మేవారిదేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. ఎలాగూ కట్టవలసిందే కాబట్టి కొనేవారు వచ్చేసరికే రసీదు చేతిలో ఉంచుకుంటే పోయేదేముంది?

కాగితాల తర్వాత నీళ్ళు. పాత ఇంట్లో కొనేవారిని భయపెట్టేది చెమ్మే. 1990లలో కట్టిన మూడు నాలుగు అంతస్తుల అపార్టుమెంట్లు మన పట్టణాల్లో కోకొల్లలు. పై ఫ్లాటు బాత్రూము నుంచి కిందికి కారడం, శ్లాబు పెచ్చులు ఊడి ఇనుము కనిపించడం, గోడ మీద తెల్లటి పొడి తేలడం వాటిలో మామూలే. ఆ తెల్ల పొడి ఇటుకలోని, సిమెంటులోని లవణం. నీళ్ళతో బయటికి వచ్చి, నీరు ఆరిపోగానే గోడ మీద మిగులుతుంది. దాని మీద లప్పం పెట్టి ప్లాస్టిక్ పెయింటు కొడితే లోపలి తేమకు దారి మూసుకుపోతుంది, కొన్నాళ్ళకే పొక్కులు లేచి పొరలుగా ఊడుతుంది. రంగుకు పెట్టిన డబ్బంతా దండగ. కాబట్టి ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టాలి. డాబా మీద నీళ్ళు పోయే గొట్టాల నోళ్ళు ఆకులతో మూసుకుపోయాయా, పిట్టగోడ శ్లాబును కలిసే మూలలో పగులుందా, బాత్రూము టైల్సు సందుల్లో సిమెంటు కొట్టుకుపోయిందా, బాత్రూము నేలలో నీళ్ళు పోయే నహానీ ట్రాప్ చుట్టూ గ్యాపు ఉందా చూసుకోవాలి. ఇవన్నీ ఒక తాపీ మేస్త్రి, ఒక ప్లంబరు ఒకటి రెండు రోజుల్లో పూర్తిచేసే పనులు. గోడ లోపలి తేమా, గదిలోని ఆవిరి చల్లబడి పట్టిన తేమా అన్న అనుమానం వస్తే, ఒక ప్లాస్టిక్ కాగితాన్ని అంచుల చుట్టూ టేపుతో గోడకు అంటించి రెండు రోజులు వదిలేయండి. నీటి చుక్కలు కాగితానికీ గోడకూ మధ్య చేరితే తేమ గోడలో ఉన్నట్టు, గదివైపు చేరితే గాలిలో ఉన్నట్టు. మొదటిదైతే మేస్త్రిని పిలవాలి, రెండోదైతే కిటికీ తెరిస్తే చాలు. కారే చోటు మూసి, గోడ పూర్తిగా ఆరేదాకా ఆగి, ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి, ఆ తర్వాతే సున్నమైనా రంగైనా. ఈ ఆగడమే మనకు చేతకాదు. ఆషాఢంలో ఇల్లు కొనేవారు, రిజిస్ట్రేషన్లకు వచ్చేవారు తక్కువ. చెమ్మ ఎక్కడుందో వాన చూపించేది కూడా ఆ రోజుల్లోనే. ఆ నెలను పోగొట్టుకున్న నెలగా కాకుండా మరమ్మతు నెలగా వాడుకుంటే కలిసొస్తుంది.

చెమ్మ మీద రంగు కొట్టేసి అమ్మేస్తే పోదా, కొన్నాక అది వాళ్ళ తలనొప్పి కదా, అనేవాళ్ళూ ఉన్నారు. తెలివిగా అనిపించే ఈ ఆలోచన రెండు చోట్ల బెడిసికొడుతుంది. మొదటిది చట్టం. అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడని ముఖ్యమైన లోపం ఇంట్లో గానీ హక్కులో గానీ ఉంటే చెప్పి తీరాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను అంటోంది. చెప్పకపోవడాన్ని మోసంగానే లెక్కిస్తుంది. రెండోది గడువు. ఒప్పందానికీ రిజిస్ట్రేషన్‌కూ మధ్య బ్యాంకు పనులకు వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి. ఆ మధ్యలో ఒక్క గట్టి వాన పడితే దాచిన మరక బయటికి వస్తుంది, దానితో పాటు దాచని వాటి మీద కూడా అనుమానం పుడుతుంది. అప్పుడు తెగే బేరం మొదట లోపం చెప్పి ఉంటే తెగేదానికన్నా తక్కువకు తెగుతుంది. పై ఫ్లాటు వాళ్ళు పైపు బాగుచేయించడానికి ఒప్పుకోకపోతే, మన వంతు మనం చేయించి, మిగిలింది కొనేవారికి చెప్పి, ఆ మేరకు ధరలో తగ్గించడమే మర్యాద, లాభం కూడా. చెదలు పట్టిన ద్వారబంధానికీ ఇదే వర్తిస్తుంది.

ఇక అందం సంగతి. పెద్ద హంగులకు పెట్టిన డబ్బు తిరిగి రాదనడానికి అమెరికా నుంచి ఒక ఆధారం ఉంది. అక్కడ ఇంటి మార్పులకు అయ్యే ఖర్చు, అమ్మకంలో వచ్చే విలువ పోల్చి ఏటా ఒక లెక్క ప్రకటిస్తారు. 2024 లెక్కలో ఖరీదైన వంటింటి పునర్నిర్మాణానికి పెట్టిన దానిలో 40 శాతం కూడా తిరిగి రాలేదు. గ్యారేజీ తలుపు, ఇనుప ముఖద్వారం మార్చడం లాంటి చిన్న పనులకు ఖర్చుకు దాదాపు రెట్టింపు వచ్చింది. అక్కడివి చెక్క ఇళ్ళు, కూలి రేట్లు వేరు, పైగా ఇవి ఇళ్ళ వ్యాపారుల అంచనాలు. మన ఇళ్ళకు ఆ అంకెలు అతకవు. కానీ వెనకున్న కారణం మనకూ వర్తిస్తుంది. మీరు వేయించిన వంటింటి రంగు, చెక్కపని కొనేవారి అభిరుచికి నచ్చాలని ఏముంది? ఎలాగూ పీకేద్దామనుకునే దానికి వాళ్ళు డబ్బు ఎందుకిస్తారు? ఇంట్లోకి వెలుగు రావడం, దుర్వాసన లేకపోవడం, కుళాయి కారకపోవడం, తలుపు కిర్రుమనకుండా మూసుకోవడం మాత్రం ఎవరి అభిరుచికైనా పట్టేవే. కాబట్టి ఉన్నదాన్ని కడిగి తోమండి. వంటింట్లో కడప బండ ఉంటే ఉండనివ్వండి, జిడ్డు వదిలేలా కడిగించండి. మొజాయిక్ గచ్చు పగిలి లేకపోతే దాని మీద టైల్సు వేయించడం వృథా, పాలిష్ పట్టిస్తే అదే మెరుస్తుంది. తాండూరు, బేతంచెర్ల బండలైనా అంతే. దోమల జాలీలు విప్పి కడిగితే ఎన్నో ఏళ్ళుగా ఆగిన వెలుగు లోపలికి వస్తుంది. తెల్లటి గోడ తన మీద పడిన వెలుగులో 80 శాతం దాకా వెనక్కి పంపుతుంది, ముదురు రంగు అందులో చిన్న వంతే పంపుతుంది. అందుకే ఒక గదికి నీలం, ఒక గోడకు ఎరుపు లాంటి ప్రయోగాలు వద్దు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పాత 60 వాట్ల బల్బంత వెలుగిస్తుంది, చీకటి మూలలకు అది చాలు. అటకల మీద అట్టపెట్టెలు, డాబా మీద విరిగిన కుర్చీలు ముందే దించేయండి. ఎలాగూ ఇల్లు మారుతున్నారు, ఆ సామాను మీతో రావలసిందో పాతసామాను బండికి పోవలసిందో ఇప్పుడే తేల్చుకోవచ్చు.

వాస్తు గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం మన ఊళ్ళ గురించి కాకుండా పోతుంది. కొనేవారు వాస్తు అడుగుతారు, ఇది వాస్తవం. వాస్తును నమ్మాలా వద్దా అన్న చర్చలోకి నేను వెళ్ళను. అమ్మేవారు తమ సిద్ధాంతి మాట విని ద్వారం మార్పిస్తే కొనేవారి సిద్ధాంతి దాన్ని ఒప్పుకుంటారన్న హామీ ఉందా? ఇద్దరు సిద్ధాంతులు ఒకే మాట చెప్పడం అరుదు. పగలగొట్టిన గోడ మాత్రం ఖర్చుగా మిగులుతుంది. అపార్టుమెంటులోనైతే నిలువు స్తంభానికో దూలానికో దెబ్బ తగిలే ప్రమాదం కూడా ఉంది. ఇంటి కొలతల నక్షా ఇచ్చి, మార్పులేమైనా కావాలంటే మీరే చేయించుకోండని చెప్పడం చౌక.

నా వాదానికి ఒక మినహాయింపు ఉంది. పట్టణం నడిమధ్య నలభై యాభై ఏళ్ళ కిందటి డాబా ఇల్లు, పెంకుటిల్లు అయితే కొనేవారికి కావలసింది స్థలమే. బిల్డరు వాటిని కూల్చడానికే కొంటాడు. అలాంటి ఇంటికి చెమ్మ మరమ్మతు కూడా దండగే, సున్నం కూడా అనవసరం. అక్కడ పెట్టవలసిన డబ్బంతా సర్వేయరుతో కొలిపించడానికి, దస్తావేజులో రాసిన గజాలూ నేల మీద ఉన్న గజాలూ సరిపోతాయో లేదో తేల్చుకోవడానికి, పక్కింటి గోడ హద్దు దాటి ఉంటే ఆ తగవు తీర్చుకోవడానికి. అంటే అక్కడా అనుమానం తీర్చే పనికే.

డబ్బు పుచ్చుకునే దగ్గర కూడా జాగ్రత్త అవసరం. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆ పైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తోంది. తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా కట్టవలసి రావచ్చు. బయానా కూడా చెక్కుగానో బ్యాంకు బదిలీగానో తీసుకోండి. ధర 50 లక్షలో అంతకు మించో అయితే కొనేవారు 1 శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి కడతారు. అమ్మేవారు విదేశంలో స్థిరపడినవారైతే మినహాయింపు దీనికన్నా చాలా ఎక్కువ. ఇంటిని రెండేళ్ళు దాటి ఉంచుకుని అమ్మితే, 2024 జూలై 23 నుంచి లాభం మీద పన్ను 12.5 శాతం. ఆ తేదీకి ముందు కొన్న ఇంటికి, దేశంలో నివసించే వ్యక్తులు ధరల పెరుగుదలను సర్దుబాటు చేసుకుని 20 శాతం లెక్కతో పోల్చి, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. ఆ లాభం లెక్కలో గతంలో అనుమతితో వేసిన గది ఖర్చు, బ్రోకరు కమిషను తగ్గించుకోవచ్చు కాబట్టి ఆ బిల్లులు, రసీదులు వెతికి పెట్టుకోండి. అమ్మే ముందు వేయించిన రంగులు, చేయించిన మామూలు మరమ్మతులు సాధారణంగా ఆ లెక్కలోకి రావు.